పెయ్యి సోయి

పదమూడు నెలలాయె,
కుడిచెయ్యి తెరుసుకుంటలేదు.

మిర్యాలగూడ మిల్లుల బాయిలరు పేలిన నాడు
బొటనవేలు లోపటికి మడిసి బిగుసుకున్న పిడికిలి
అట్లనే లేస్తది, అట్లనే పంటది.
గాయమైనోళ్ల కాయితంల నా పేరెక్కలే,
నెత్తురు రాలేదు గదా.

ఫొటోను వెలుతురుకు పెట్టి చూసిన డాక్టరు
"ఎముక సాఫు, నరం సాఫు, ఏం లేదు పో" అన్నడు.
ఏం లేకపోతె
నా చెయ్యి దేన్ని పట్టుకున్నట్టు?

మా అత్త దర్గకు తోల్కపోయి తాయెత్తు కట్టిచ్చింది.
మా ఆయన వేడినీళ్లల్ల ముంచి
జంగుబట్టిన తాళం తీసినట్టు ఒక్కొక్క వేలు గుంజిండు.
రేషన్ డీలరు "వేలు పెట్టు" అని కసిరిండు.
ఎడమది పెట్టిన.
ఇరవయ్యేండ్లు వడ్లు నెరిపిన వేలు, గీతలరిగింది,
నేను చంద్రకళను కానన్నది మిషను.

అందరిదీ ఒకటే మాట.
తెరువు. తెరువు. తెరువు.

నల్లగొండ పెద్దదవాఖానల మూలకున్న అర్ర.
నుస్రత్ మేడం. బక్కపిల్ల, నా బిడ్డంతది.
ఏం జరిగిందని అడుగలే.
అడిగినోళ్లు మస్తుమంది: పోలీసోళ్లు, పేపరోళ్లు,
పైసల లెక్కగట్టెటోళ్లు.
చెప్పి చెప్పి నోటికొచ్చేసింది.
చెప్పేటప్పుడు నేను ఆడ ఉండ.

"కుర్చీ నిన్ను మోస్తున్నదా అక్కా?" అన్నది.
ఇదేం ముచ్చట!
నలభయ్యేండ్ల సంది అన్నిటిని మోసింది నేనే,
నన్నేదన్న మోస్తదని ఎన్నడు చూసుకోలే.
చూసిన.
నడుము కింద చెక్క. అరికాళ్ల కింద సల్లటి బండ.
ఆ దినానికి గంతే.
ఒక పూట కూలి దండుగాయె అనుకుంట ఇంటికొచ్చిన.

నాలుగోసారి పోయిన్నాడు
నా పిడికిలి కింద తన అరచెయ్యి పరిచింది.
గుంజలే.
"తెరువకు" అన్నది.
"ఇంకింత గట్టిగ పట్టు."

పట్టిన.
గోర్లు దిగినయి. ముంజెయ్యి వణికింది.
వణుకు మోచెయ్యి దాటి జబ్బకెక్కింది, గదువకెక్కింది,
పండ్లు టకటక కొట్టుకున్నయి.
సిగ్గయి ఆపబోతె "రానియ్యి" అన్నది.
కుక్క నోట్లకెల్లి తప్పిచ్చుకున్న మేకపిల్ల
ఇంత దూరం పోయి నిలబడి
తోక దాక జాడిచ్చుకుంటది చూడు,
గట్ల.

అప్పుడు దొరికింది నా చేతికి
సైదమ్మ మణికట్టు.
చెమట. ఊక. ఒక్క గాజు.
పొగల ఎటు పోతున్నమో తెల్వక
నేను గుంజుకపోతున్న చెయ్యి.

ఇడిసిపెట్టిననే అనుకున్న ఇన్నాళ్లు.
కాళ్లు ఉరికినయి, నిజమే.
చెయ్యి ఉరుకలే.
పదమూడు నెలల సంది ఆడ్నే ఉన్నది,
పట్టుకొని.

ఏడ్సిన్నో లేదో యాదికి లేదు, కొంగైతె తడిసింది.
మేడం ఏమనలే. ఫాను తిరుగుతున్నది.
బయట ఎవరిదో నంబరు పిలిచిన్రు, ఎవరూ పలుకలే.
చూస్తె, చిటికెనవేలు
దానంతటదే లేచి ఉన్నది.
తెల్లగ, ముడుతలు ముడుతలు,
పురిటిపిల్ల వేలు లెక్క.

బస్సు దిగి ఆటోల వస్తుంటె
మిల్లుల కాడ ఉప్పుడు బియ్యం వాసన.
కడుపుల తిప్పింది, ఎప్పటి లెక్కనే.
అరికాళ్లు ఆటో రేకుకు ఆనిచ్చిన.
రేకు అదురుతున్నది.
అదురనీ.

ఖాళీ టిఫిను డబ్బ
ఆ ఒక్క వేలుకే తగిలిచ్చుకొని దిగిన.
తక్కిన నాలుగు సైదమ్మ కాడున్నయి.
రమ్మని కబురు పెట్టలే.