ట్యూబ్‌లైట్ సాక్ష్యం

పొద్దు పొడవక ముందే షురూ చెయ్యాలె.
ఎనిమిది దాటితే రస్ అల్ ఖైమాల రేకుల షెడ్డు పెనమైతది,
రేడియేటర్ నీళ్లు ఆగవు.
తోకకు తాడు కట్టి ల్యాండ్ క్రూజర్ కొక్కానికి ముడేసినం.
ఖల్ఫాన్ లోపల కూసున్నడు,
నేను రెక్క పక్కకు, దూరంగ.

ఏడేండ్లు పట్టింది ఆయనకు ఈ ఇమానం కట్టుడు.
రెక్కలు ఇంటి గరాజ్‌ల, తోక తమ్ముని పడవల షెడ్డుల.
ఇంజన్ మాత్రం పాత స్పోర్ట్స్ కారుది,
పిస్టన్లు లేంది, కడుపుల త్రికోణం తిరిగేది.
గందుకే నన్ను పిలిచిండు,
అసొంటి కార్లను పదకొండేండ్లు ఇప్పి బిగించినోన్ని.

థ్రాటిల్ సగం దాటినంక
మీటర్ ముల్లు రెండు వేల ఎనిమిది వందల యాభై కాడ
మొండి ఎద్దు తీరుగ నిలబడ్డది.
"బలం చాలుతలేదు," అన్నడు అరబ్బీ కలిసిన హిందీల,
"ప్రొపెల్లర్ కోణం ఇంక తగ్గిద్దాం."

నా చెవి ఒప్పుకోలే.
కోరుట్లల మోటర్లు చుట్టే దుకాండ్ల పెరిగిన చెవి,
బోరు మోటరు ఏ ఫేసు మీద ఏడుస్తున్నదో
గల్లీ అవతలికెల్లి చెప్పిన చెవి.
గింత తక్కువ వేగం మీద ఇంజన్ గిట్ల అరవదు.
కానీ చెవి మాటను లాగ్‌బుక్కుల ఎట్ల రాస్తరు?

గన్ను తీసిన.
రెక్కల ఎనుక తెల్లటి ఆకాశం పెట్టుకొని చూపెట్టిన.
ప్రొపెల్లర్ రెండు వేలు.
గేరు లెక్క ఆయనకే ఎరుక:
రెండు పాయింట్ ఎనిమిది ఐదుకు ఒకటి.
అంటే ఇంజన్ ఐదు వేల ఏడు వందలు.
మీటర్ చెప్పింది సరిగ్గ సగం.

ఇంజన్ ఆపిండు. చెవులల్ల గుయ్యిమనుడు మిగిలింది.
"నీ గన్నే అబద్ధమాడితే?"

మంచి ప్రశ్న. కోపం రాలే నాకు.
మూలకు పాత ట్యూబ్‌లైట్, చోక్ సణుగుతున్నది.
ఒకే రెక్క అని గన్నుకు చెప్పి అటు తిప్పిన.
ఆరు వేలు.
కరెంటు సెకనుకు యాభై సార్లు అటిటు ఊగితే
దీపం నూరు సార్లు రెప్ప కొడుతది, మనకు కనవడకుంట.
ఈ దేశంల నాతోని లెక్క తప్పంది అదొక్కటే.

నేల మీది దుమ్ముల ఏలుతోని రాసి చూపెట్టిన.
లోపల త్రికోణం పందొమ్మిది వందలు,
ఇరుసు ఐదు వేల ఏడు వందలు,
ముంగట ప్రొపెల్లర్ రెండు వేలు.
ఎవ్వని నడక వానిది, మూడూ నిజమే.
రెండు వేల ఎనిమిది వందల యాభై మాత్రం
ఎవ్వరిదీ కాదు.

తీగ పట్టుకొని ఎనుకకు పోయిన.
చుట్టుకు ఒక్కసారే నిప్పు కొట్టే కాయిల్ మీద ఉన్నది.
మీటరేమో రెండు నిప్పులకు ఒక చుట్టు అని నమ్ముకొని కూసున్నది.
ఎనుక బుల్లి స్విచ్చి, గోరంత.
జరిపిన.

మల్ల షురూ చేసినప్పుడు ఖల్ఫాన్ నవ్వలే.
ఇంతకుముందే రెండుసార్లు కోణం మార్చిండట,
ఆ కాగితాలు మడిచి జేబుల పెట్టుకున్నడు.
లాగ్‌బుక్ తెరిచి నా పేరు అడిగిండు.
రాజలింగం.
కుడికెల్లి ఎడమకు రాసుకుంట పోయి
'గ' కాడ ఆగిండు. వాళ్ల అక్షరాలల్ల అది లేదు.
గొంతుల ఉన్నదాంట్ల దగ్గరిది ఏరి పెట్టిండు.

రాత్రి క్యాంపుకు షాజి వచ్చిండు,
ఎల్ఈడీల డబ్బాలు, నిచ్చెన.
నా మంచం మీది ట్యూబ్ ఇప్పబోతే వద్దన్న.
"ఇది ఉండనియ్యి."
"ఎందుకు?"
"ఆ సణుగుడు ఇనకుంటే ఈనకు నిద్రరాదు," అన్నడు
పై మంచం మీదికెల్లి నర్సింగం.
నేనేం చెప్పలే.

అందరు పండుకున్నంక
దిండు కిందికెల్లి గన్ను తీసి చూసిన.
ఐదు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది.
ఒక్కటి తక్కువ.
గంతకు నేను కొట్లాడ.