బోరు

మర్రిగూడ హైస్కూలు, ఎనిమిదో తరగతి,
బువ్వ తిన్నంక ఇంగ్లీషు పీరియడు.
"సార్, బోర్ కొడ్తుంది" అన్నది నవనీత.
కోపం రాలే. ఆ మాటనే బోర్డు మీద రాసిన.

తొలుచుడు అని మొదటి అర్థం.
పాతకాలపు ఇంగ్లీషోడు కట్టెకు తూటు పొడిచిన పని.
విసుగు అనే అర్థం ఎట్లొచ్చిందో
డిక్షనరీకి గూడ సరిగ తెల్వదు.
చెవిల ఒక్కతీరుగ తొలిచేటోన్ని చూసి
ఎవలో అని ఉంటరు.

"మా బాయికాడ గూడ కొడ్తుండ్రు సార్, బోరు.
పొద్దటి సంది."
మళ్ల నవనీతే.

బడి ఇడిసినంక అటే పోయిన.
బత్తాయి ఆకుల మీద సున్నం జల్లినట్టు దుమ్ము.
మైసయ్య రాడ్లు లెక్కవెడ్తుండు,
ఏజెంటు ఫీట్లు రాసుకుంటుండు.
నాలుగు వందల యాభై. దుమ్మే.
ఐదు వందల ఎనభై. దుమ్మే.
రిగ్గుది ఒక్కటే మోత, గంటలకు గంటలు.
ఆవులింత వచ్చింది నాకు,
చెయ్యి అడ్డం పెట్టుకున్న.

ఏడు వందల ఇరవైకి ఆపిండ్రు.
మైసయ్య ఏమనలే.
పిల్లలు పడతరని
కేసింగు మూతి మీద బండ పెట్టిండు.
ముత్యాలే,
లారీ తొవ్వ ఎక్కేదాక ఆగి,
బోరుమన్నది.

ఈ బోరు ఏ సీమ నుంచి రాలే.

తెల్లారి నవనీత నోట్సుల
రెండర్థాలే ఉన్నయి.
కింద మూడని అంకె ఏసి
గీత ఖాళీగ ఇడిసింది.
నేను దిద్దలే.