నాలుగో అంకె

ఓర్ గూడ్సు పోతున్నంతసేపూ
త్రాసులో నాలుగో అంకె నిలబడదు.
ఏడు, తొమ్మిది, ఏడు, ఆరు.
గాజు తలుపు మూసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని
వ్యాగన్లన్నీ పోర్టు వైపు వెళ్ళిపోయేదాకా
ఊరికే కూర్చుంటాను.

పిన్ను నా చిటికెన వేలంత కూడా లేదు.
మైలపల్లి ఎర్రయ్య బోటు బుష్షులోంచి కోసింది.
ఫిషింగ్ హార్బర్ నుంచి లుంగీ గుడ్డలో చుట్టి తెచ్చాడు,
రొయ్యల వాసనతో సహా.
"రెండు వేటలకే అరిగిపోనాదమ్మా.
సరుకు సెడ్డదా, అమ్మినోడు సెడ్డోడా,
మీ మిషనే సెప్పాల."

అసిటోన్‌తో కడిగి, ఆరబెట్టి, తూచి
రెండు కిలోల బరువు వేలాడదీసి
తిరిగే ఉక్కు బిళ్ళ మీద నిలబెట్టాను.
మొదట కీచుమంది.
పది నిమిషాలకి,
కొత్తగా బళ్ళో వేసిన పిల్లాడు
ఏడుపు మానేసి కిటికీలోకి చూసినట్టు,
సర్దుకుంది.
గాలిలో తేమ ఎనభై రెండు. రాసుకున్నాను.
విశాఖలో సముద్రాన్ని లెక్కలో వేయకపోతే
ఏ అంకే నిజం చెప్పదు.

మధ్యలో అమ్మ ఫోను:
"మధ్యాహ్నం పనసపొట్టు కూర అరిగిందా?"
ఈ మిషను ముందు ఆ మాటకి నవ్వొచ్చింది.
ఒంటబట్టి బలమైనదీ అరగడమే,
ఎటుపోయిందో తెలియకుండా పోయినదీ అరగడమే మనకి.
జీర్ణమన్నా అంతే.
అన్నానికీ పాత చీరకీ ఒకటే మాట.

గంటకి ఆపాను.
బిళ్ళ మీద నల్లటి వలయం.
దాని అంచున పచ్చటి పొడి,
చీమకి బొట్టు పెట్టడానికి సరిపోతుందేమో.
ఫారంలో దానికి గడి లేదు.
బ్రష్షుతో కాగితంలోకి దులిపి పొట్లం కట్టాను.

మళ్ళీ కడగడం. మళ్ళీ తూచడం. ఇంకో గూడ్సు.
పోయింది: పన్నెండు మిల్లీగ్రాములు.
అంటే లోహం మంచిదే.
పాత బుష్షుని మైక్రోస్కోపు కింద పెడితే
గీతల్లో ఇసుక రేణువులు, పళ్ళలో ఇరుక్కున్న మెతుకుల్లా.
"అమ్మినోడు మంచోడే" అని రిపోర్టులో రాయలేను.
ఫోన్లో చెబుతాను.

సాయంత్రం గేటు దగ్గర హాజరు మిషను
నా బొటనవేలిని మళ్ళీ ఒప్పుకోలేదు.
పదకొండేళ్ళ ఎమరీ కాగితం, అసిటోన్.
చేరిన రోజు నన్నెవరూ తూచలేదు.
వాచ్‌మన్ సన్యాసినాయుడు రిజిస్టరు ముందుకి తోశాడు,
"సంతకం ఎట్టేయండి మేడమ్,
మీరు మీరేనని నాకు తెల్దేటి?"

పెట్టాను.
పొట్లం బ్యాగులో ఉంది.
రేపు పొద్దున్నే, వేలంపాట మొదలవకముందే
హార్బర్‌కి వెళ్ళాలి.