ఆఖరి మనిషి వెనక

నా పని ఉరుకుడు కాదు.
అందరు పోయినంక పోవుడు.
కొమ్మకొమ్మకు కట్టిన నారింజ రిబ్బన్లు
ఒక్కొక్కటే విప్పుకుంట
ఆఖరి మనిషికి అడ్డం రాకుండ
ఇరవై అడుగులు వెనక నడుసుడు.
టెంట్ల కంపెనీ పంపింది.
రోజుకు ఆరు రియాళ్లు. బూట్లు వాళ్లయే,
ఒక నంబరు పెద్దయి.

బిర్కత్ అల్ మౌజ్‌ల తెల్లారకముందే మూడు వందల మంది
తలలకు దీపాలు కట్టుకొని గుట్టెక్కిన్రు.
కింద నుంచి చూస్తే బోనాలెత్తినట్టే ఉండె,
డప్పు ఒక్కటే తక్కువ.

మ్యాపుల నీలం గీత ఉన్నది, నది అని.
దిగి చూస్తే గుండ్రాళ్లు.
గోదారి ఒడ్డున పుట్టినోణ్ణి, నవ్వొచ్చింది.
ఓ మలుపుల, నాకు రెండు నిలువుల పైన,
బండ సందుల ఇరుక్కున్న ఖర్జూరపు మట్టను చూసి
నవ్వు ఆపుకున్న.
ఇక్కడ నీళ్లు ఉండయ్. వస్తయ్, అంతే.

పైన అడవి.
అడవంటే మన అడవి గాదు,
చెట్టు పిలిస్తే చెట్టుకు వినపడనంత దూరం.
అలాలాన్ అంటరు. సగం ఎండి, సగం పచ్చగ.
ఎన్నేండ్లయని అడిగితే మేకలాయన
చేత్తోని గాలిని వెనక్కు తోసిండు.

ఆఖరి మనిషి పేరు జువైనా.
నంబరు రెండు వందల పద్నాలుగు.
సోహార్‌ల బడిపిల్లలకు లెక్కలు చెప్తదట.
యాభై ఏండ్లుంటయ్, ఎడమ మోకాలికి పట్టీ.
అరబ్బీల అడుగులు లెక్కవెట్టుకుంట నడుస్తది,
వంద కాంగనే మళ్ల ఒకటి నుంచి.
నాకు ఆ అంకెలు తెలుసు,
సిమెంటు బస్తాలు దించుకుంట నేర్చినయే.
రాత్రి రెండింటికి డెబ్బై కాడ ఆమె తడబడితే
వెనక నుంచి అందిచ్చిన.
తిరిగి చూసింది.
అప్పటిదాక వెనక దీపమొకటి వస్తుందనే ఎరుక,
దాని కింద మనిషున్నడని గాదు.

ఎనభై రెండో కిలోమీటరు కాడ
పదకొండు నిమిషాలు ఆలస్యం.
టైము పట్టే చాపను అప్పటికే చుట్టేస్తున్నరు,
పెండ్లయినంక జంఖానా చుట్టినట్టు.
నంబరు ఇయ్యమన్నరు.
నాలుగు పిన్నులు తీసి, గుడ్డను మడత వెట్టి ఇచ్చింది.
డ్రైవరు జీపు తలుపు తెరిసి పట్టుకున్నడు.

ఎక్కలే.
ఫలజ్ కాలువల కాళ్లు వెట్టి కూసున్నది.
చేపపిల్లలొచ్చి పుండ్లు కొరుకుతుంటే
ఉఫ్ అన్నది, నవ్వింది, లేచింది.
ఈ కాలువ ఊరికే పోతది గదా, అన్నది.

రూలు ప్రకారం నా పని ఆడికే అయిపోయింది.
ఆఖరి మనిషే లేనప్పుడు ఎవరి వెనక పోవాలె?
గట్టు పొంటి రేగుచెట్లకు ఇంక రిబ్బన్లున్నయ్ అని
నాకు నేనే చెప్పుకొని నడిసిన.
ఇరవై అడుగులు ఎప్పుడు రెండయినయో
చూసుకోలే.

అల్ హమ్రాల గేటు విప్పేసిన్రు.
ఓ బెంగాలీ పిలగాడు అరటి తొక్కలు ఊడుస్తున్నడు.
అతని చీపురు దాటి
జువైనా ఆగింది. "మియా" అన్నది.
వంద.

సూపర్‌వైజరు సంచి గుమ్మరిచ్చి లెక్కవెట్టిండు.
కట్టినయ్ ఆరు వందల పన్నెండు,
వచ్చినయ్ ఆరు వందల పది.
ఒకటి మేక తిన్నదన్న. నమ్మిండు.
ఇంకోటేది ఒడేలా, అన్నడు.
ఓదెలు అనే పేరు ఆయన నోట్ల ఎన్నడు తిరగది.

అవుతల టాక్సీ ఎక్కుతున్నదామె,
మోకాలి పట్టీ జారకుండ
నారింజ ముడి.

గాలికి పోయింది సార్, అన్న.