ముదురు మునక్కాడలు

కరెంటు బిల్లు వెనకాల
క్రిస్మస్ భోజనం రాస్తున్నాను.
కెజియా వెంటబెట్టుకొచ్చే పిల్ల
పాలు కూడా ముట్టదట.
పెరుగుపచ్చడి కొట్టేశాను.
నెయ్యి కొట్టేశాను, చేతులు రాక మళ్ళీ రాసి
మళ్ళీ కొట్టేశాను.
పాయసంలోకి కొబ్బరిపాలు.
కేకులో గుడ్డు బదులు మగ్గిన అరటిపండట,
ఏమవుతుందో.

రసెల్ మార్కెట్లో అవరెకాయలు దిగాయి.
రాత్రి నానేసి పొద్దున నొక్కితే
గింజ చొక్కా విప్పి గిన్నెలోకి దూకుతుంది.
బిర్యానీకి అదే.

మటన్ కొట్టు రహమతుల్లా ఫోన్.
"ఎప్పట్లా మూడు కిలోలేనా అక్కా?"
నోరు పెగల్లేదు కాసేపు.
"ఈస్టరుకి చూద్దాం భాయ్."

మామయ్య కళ్ళద్దాలు పైకి తోసి
చీటీ అటూ ఇటూ తిప్పారు.
"మరి నాకు బొమిక?"

బిల్లు మొత్తం పక్కన
కాస్త చోటుంటే రాశాను:
మునక్కాడలు. ముదురువే.