మెట్ల కింద మాట

"మీటరా? కుచ్‌లో ఉంది నాయనా, చూసుకో"
అంది ఎలునెడ్.
నాకు నవ్వొచ్చింది.

ఆ వేల్స్ లోయకి వచ్చి అప్పటికి మూడు వారాలు.
బస్ స్టాపులో మోకాలు చెక్కుకుపోయిన పిల్లాణ్ని
"ఇటు రా, ఓ కుచ్" అంటూ
తల్లి కోటులోకి లాక్కోవడం చూశాను.
రగ్బీ ఓడిన రాత్రి
పబ్బు గుమ్మంలో ఇద్దరు బండమనుషులు
అదే మాట గొణుక్కుని
ఒకరి భుజానికి ఒకరు ముక్కు తుడుచుకున్నారు.
కుచ్ అంటే కౌగిలి అని
రీడింగుల పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను.

కౌగిట్లో కరెంటు మీటరేమిటి?

మెట్ల కింద చిన్న తలుపు చూపించింది.
నడుం వంచి దూరితే
వాక్యూమ్ క్లీనరు, ఒంటి బూటు,
క్రిస్మస్ దీపాల చిక్కు,
గోడ చెమ్మని ఇంకా వదలని బొగ్గు వాసన.

"ఇదే అసలు కుచ్. తక్కినవన్నీ దీని పిల్లలు.
ఇక్కడ బొగ్గు పోసేవాళ్ళం.
గని సైరన్ వేళగాని వేళ కూస్తే
అమ్మ వీధిలోకి పరిగెత్తేది,
నేనూ ఎమ్లిన్ ఇందులోకి.
బొగ్గు మీదే కూచుని నాన్న బూట్ల చప్పుడుకి
చెవులు రిక్కించేవాళ్ళం.
వచ్చేవాడు. ప్రతిసారీ వచ్చాడులే, అలా చూడకు.
ఊపిరితిత్తుల్లో గనిని మోసుకొచ్చాడు, అది వేరే కథ.
స్నానం కాందే దేన్నీ ముట్టుకోవద్దని అమ్మ ఆర్డరు.
ఆ రోజుల్లో మాత్రం అమ్మ అటు తిరిగి నిలబడేది.
తలుపు తీసి ఇద్దర్నీ ఒకేసారి పొదువుకునేవాడు.
నా గౌను మీద రెండు నల్లటి చేతులు.
అలా అంటుకుంది మాట,
గదికి ఉండేది మనిషికి."

ఇంటికెళ్ళి నిఘంటువు తీశాను.
అందులో బొగ్గు లేదు, ఎమ్లిన్ లేడు.
ఫ్రెంచివాళ్ళ పడక మీంచి లేచి
ఇంగ్లీషు మీదుగా నడిచొచ్చి
ఈ కొండల మధ్య నడుం వాల్చిందట.

ఆ తర్వాత ఎక్కడ విన్నా అదే.
కుక్క ముడుచుకునే గూడు కుచ్.
ముసలాయన భార్యకి తెలీకుండా
టీ డబ్బాలో కుచ్ చేసిన నోట్లు.

మూడు నెలలకి మళ్ళీ రీడింగుకి వెళ్ళి
నిఘంటువు సంగతి చెప్పాను.
"పడుకోవడానికేం, ఎవరైనా పడుకుంటారు.
వాళ్ళకి మా మెట్లేం తెలుసు?" అంది.

నేనూ నా మూటలోంచి ఒకటి తీశాను:
కుండ దొర్లిపోకుండా అడుగున పెట్టే గడ్డిచుట్ట
మాకు కుదురు.
అల్లాడిన మనసు నిలబడితే
కుదుటపడింది అంటాం.
కాలు నిలవని పిల్లకి, కుదురుగా కూచోమని.
"పిల్లని కుండలా కూచోమంటారా!"
అని నవ్వి, తనూ పలికి చూసింది.
దొర్లకూడని మాటలో
'ర'ని నాకంటే చక్కగా దొర్లించింది.

టార్చి వేస్తే అప్పుడు కనపడింది,
తలుపు గడియ లోపలివైపు ఉంది.
పిల్లల చేతికందే ఎత్తులో,
నాలుగు మేకుల్లో మూడు వంకర.
బొగ్గు కొట్టుకి లోపల గడియ ఎవరు పెడతారు?
అడగలేదు.

అంకెలు రాసుకున్నాక
ఎందుకో ఓసారి వేసి చూశాను.
చీకటి. గడ్డానికి మోకాళ్ళు.
నా ఊపిరి నాకే ఆనుకుని.

ఇంకా అవలేదా అని ఎలునెడ్ అడగలేదు.
కెటిల్ పెట్టిన చప్పుడు,
కాసేపటికి
రెండు కప్పులు.