పన్నెండు మంది ఉంటేనే

అజ్మాన్‌లో, అల్ జుర్ఫ్‌లో
ఇసుకకీ మా స్కూలుకీ మధ్య ఒక్క తారురోడ్డే అడ్డం.
పొద్దున్నే పోచమల్లు నిచ్చెనెక్కి
గేటు మీది పాత ఫ్లెక్సీ విప్పాడు.
నిరుడు "బాగు", ఈ ఏడు "చాలా బాగు".
ఆ ఒక్క "చాలా"కి ఫీజు ఎంత పెంచుకోవచ్చో
అకౌంట్సు గదిలో అప్పటికే లెక్క తేలిపోయింది.
దిగి, పాతదాన్ని దుప్పటిలా మడతపెట్టి అడిగాడు:
"టీచరమ్మా, ఇది నేను తీస్కపోనా?
రూముల ఏసీ నీళ్లు కారుతున్నయ్."

నేను తెలుగు చెబుతాను. సెకండ్ లాంగ్వేజీ.
నా తరగతి స్టోర్ రూములో సగం.
మిగతా సగం యాన్యువల్ డే కిరీటాలది.

మొన్న మీటింగులో షీబా మేడం స్లైడు మార్చింది.
ఇక మీదట ఏ భాష ఉండాలో, ఏది పోవాలో
పైవాళ్లు చెప్పరట. స్కూలే తేల్చుకోవచ్చట. స్వేచ్ఛ.
అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.
ఆ మాట వింటే చేతులు వాటంతటవే కలుస్తాయి.
అంకె తర్వాతి స్లైడులో ఉంది:
పన్నెండు మంది ఉంటేనే తరగతి.

నాకు పదకొండు.

ఆ వారం సూపర్‌మార్కెట్‌లో బియ్యం వరస దగ్గర కాపు కాశాను.
సోనా మసూరి బస్తా ఎత్తిన ప్రతివాణ్నీ
"మీకు పిల్లలున్నారా" అని అడిగాను.
సెక్యూరిటీ అతను రెండుసార్లు నా చుట్టూ తిరిగాడు.

రాజోలు నుంచి వచ్చిన నర్సు మేరీ సువార్త
నైటు డ్యూటీ దిగి, బూట్లు చేత్తో పట్టుకుని
తలుపు దగ్గరే నిలబెట్టి చెప్పింది:
"తెలుగు ఇంట్లో ఊరికే వస్తుందండీ.
డబ్బులు పోసి కొనేది ఇంట్లో లేనిది కొనాలి కదండీ."
నిజమే. ఇంట్లో ఉప్పుంటే
నేను మాత్రం ఉప్పు కొంటానా?

ఆ నిర్ణయం ఎన్ని మెట్లు దిగొచ్చిందో!
బోర్డు నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి స్కూలుకి,
స్కూలు నుంచి అమ్మానాన్నల వాట్సాప్‌కి.
దిగేకొద్దీ తేలికవుతుందనుకున్నాను.
అది మెట్టుమెట్టుకీ బరువెక్కి
ఎనిమిదేళ్ల హన్నా పెన్సిలు మొన మీద ఆగింది.
ఫ్రెంచి గడిలో టిక్కు పెట్టి
నా కళ్లలోకి చూసింది,
తప్పా ఒప్పా చెప్పమన్నట్టు.
ఒప్పే అన్నాను.

అక్షరమాల చార్టు చుట్టేస్తూ
ఌ దగ్గర ఆగాను.
దీన్ని తీసేసినప్పుడు ఎవరూ మీటింగు పెట్టలేదు.
వాడేవాళ్లు లేరు, పోయింది.
దాని పక్కన ఱ,
పెన్షను మీద బతికే పెద్దమనిషిలా.

సాయంత్రం బస్సులు వెళ్లాక పోచమల్లు
చార్టుకి రబ్బరు బ్యాండు వేసిచ్చాడు.
"మా ఊరి బడి గూడ గిట్లనే టీచరమ్మా.
ఎనిమిదిమందే మిగిలిన్రని పక్కూరి బడిల కలిపిన్రు.
నేను దుబాయి పైసలు పంపిన.
ఆ పైసలతోటి మావోణ్ని పచ్చ వ్యాను బడికి పంపిన్రు.
మా గల్లీల అందరం గంతే జేసినం."
కాసేపు రోడ్డుకేసి చూశాడు.
"బడి మూసింది సర్కారు అని తిట్టుకున్నం గని."

ఆ మాట పూర్తిచెయ్యలేదు.
నిచ్చెన భుజానికెత్తుకుంటూ అన్నాడు,
"పన్నెండోది నన్ను రాస్కోరాదుండ్రి.
మూడో తరగతిల ఆపిన. ఒత్తులు రావు."

నవ్వాను. నవ్వి, ఫారం తీశాను కూడా.
వయసు గడి రెండో పేజీలో ఉంది.
మొదటి పేజీ అంతా ఫీజు.

సనయ్యాలో ఎనిమిదిమంది పడుకునే అతని గదిలో
ఈ రాత్రి ఏసీ కింద పరిచి ఉంటుంది
నిరుటి "బాగు".
దాని నడిమి గుంటలో
చుక్క, ఇంకో చుక్క.